పోకర్ బల్లలో ముక్కలు కలిపే మెషీన్ బిగించడం ఎలా?

వారాంతాల్లో ఏడెనిమిది మంది చేరి పోకర్ ఆడే ఇళ్లు హైదరాబాద్‌లో బాగానే ఉన్నాయి. అలాంటి ఆటలో సమయం ఎక్కువగా పోయేది ఆలోచనకు కాదు, ముక్కలు కలపడానికి. ఒకరు చకచకా కలిపేస్తారు, పక్కవాళ్లు సగం ముక్కలు నేలపాలు చేసి మళ్లీ ఏరుతారు. బల్లలోనే మెషీన్ ఉంటే ఒక పేకతో ఆట నడుస్తుండగానే రెండో పేక లోపల కలుస్తూ ఉంటుంది. పంచడానికి ఎవరూ ఆగక్కర్లేదు.

పని చూడ్డానికి బల్లకు కన్నం పెట్టడమే అనిపిస్తుంది. కన్నం పెట్టడం అరగంట పని. మెషీన్‌ను బల్ల మట్టానికి నిలబెట్టడం, కరెంటు సరిగ్గా ఇవ్వడం, రేపు ముక్క ఇరుక్కున్నప్పుడు సులువుగా బయటికి తీయగలగడం, వీటికే అసలు శ్రమ. బిగించే రోజే విప్పే రోజు గురించి ఆలోచించి పెట్టుకోండి. కింద చెప్పిన పద్ధతంతా దాని మీదే నడుస్తుంది.

ముందు ఒక ప్రశ్న: మీరు ఆడేది పోకరేనా?

మన ఇళ్లలో పేక అంటే పదమూడు ముక్కల రమ్మీయే. దానికి రెండు పేకలు, జోకర్లు కలిపి వందకు పైగా ముక్కలు కావాలి. పోకర్ కోసం చేసిన మెషీన్లు ఒకసారికి ఒకే పేకను, అంటే 52 ముక్కలను తీసుకుంటాయి. రెండు పేకలు ఒకేసారి కుక్కితే కలవవు, ఇరుక్కుంటాయి. మీ ఇంట్లో రమ్మీయే ఎక్కువ ఆడతారనుకుంటే బల్ల కోయకండి. రెండు మూడు పేకలు పట్టే చిన్న మెషీన్ ఒకటి కొని బల్ల మీద పెట్టుకుంటే చాలు.

పోకరే అయితే మీ ముందు రెండు దారులు. ఒకటి, బ్యాటరీలతో నడిచే రెండు అరల ప్లాస్టిక్ మెషీన్. పేకను సగానికి విడదీసి రెండు వైపులా పెడితే రబ్బరు చక్రాలు ఒక్కో ముక్కను మధ్యలోకి తోస్తాయి. చవక, గోల ఎక్కువ, కలపడం అంతంత మాత్రం. దీన్ని బల్లలో దించాల్సిన పని లేదు, బల్ల కింద ఒక డ్రాయర్‌లో కూర్చోబెడితే సరిపోతుంది. రెండోది కాసినో తరహా మెషీన్. ఇది బల్ల ఉపరితలంతో సమానంగా కూర్చుంటుంది. పైన మూత తెరుచుకుంటుంది, ఒక పేక లోపలికి పోతుంది, కలిసిన పేక పైకి వస్తుంది. డెక్ మేట్ అనేది ఈ రకంలో అందరికీ తెలిసిన పేరు. వీటిని కాసినోలకు ఎక్కువగా అద్దె లెక్కన ఇస్తారు కాబట్టి ఇళ్లకు చేరేవి చాలా వరకు సెకండ్‌హ్యాండ్‌వే. ఈ వ్యాసం ఈ రెండో రకం గురించే.

సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కొత్త తరం మెషీన్లలో ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసుకోవడానికి లోపలే చిన్న కెమెరా ఉంటుంది. 2023లో లాస్ వేగాస్‌లో జరిగిన బ్లాక్ హ్యాట్ అనే కంప్యూటర్ భద్రతా సదస్సులో ఐవోయాక్టివ్ సంస్థ పరిశోధకులు డెక్ మేట్ 2కు ఉన్న యూఎస్‌బీ పోర్టు ద్వారా లోపలికి చొరబడి, ఆ కెమెరా చూసే ముక్కల వరుసను బయటివాళ్లు తెలుసుకోవచ్చని చూపించారు. 2025 అక్టోబర్‌లో అమెరికాలో మార్పులు చేసిన ఇలాంటి మెషీన్లతో పోకర్ ఆటల్లో మోసం చేశారంటూ పెద్ద కేసే పెట్టారు. మన బావమరిది, ఆఫీసు స్నేహితులు ఆడే ఆటలో అంత దూరం ఎవరు పోతారు అనుకోవచ్చు. అయినా ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలియని మెషీన్ విషయంలో జాగ్రత్త తప్పు కాదు. కెమెరా లేని పాత మోడల్ దొరికితే ఇంటికి అదే మేలు. ఏ మోడలైనా పోర్టులున్న వైపు బల్ల కిందికి, ఎవరి మోకాలికీ అందని దిక్కుకు తిప్పి పెట్టండి. మెషీన్ నుంచి వచ్చిన పేకను పంచే ముందు పక్కవాళ్లతో ఒకసారి కోయించండి. అది ఎలాగూ మన పాత అలవాటే.

ముక్కల సంగతి

మామూలు కాగితం ముక్కలు ఈ మెషీన్లకు పనికిరావు. జులైలో వాన పట్టిన వారానికే అంచులు ఉబ్బి, రెండేసి ముక్కలు అతుక్కుని పోతాయి. పూర్తి ప్లాస్టిక్ పేకలు రెండు తెచ్చుకోండి, వెనుక రంగులు వేరువేరుగా, ఒకటి ఎరుపు ఒకటి నీలం. కొలత కూడా చూసుకోండి. పోకర్ సైజు ముక్క వెడల్పు సుమారు 63.5 మి.మీ., బ్రిడ్జ్ సైజు 57 మి.మీ. పొడవు రెండింటికీ దాదాపు 89 మి.మీ.యే. పోకర్ సైజుకు సర్దిన మెషీన్‌లో బ్రిడ్జ్ ముక్కలు వేస్తే అడ్డంగా తిరిగి ఇరుక్కుంటాయి.

చోటు ఎంచుకోవడం

మెషీన్ ఇంటికి వచ్చేదాకా రంపం ముట్టుకోవద్దు. ఇంటర్నెట్‌లో కనిపించే కొలతలు నమ్మి ముందే కన్నం కోయించుకుంటే తర్వాత ప్యాకింగ్ ముక్కలు కొట్టుకుంటూ కూర్చోవాలి.

బల్ల కింద పడుకుని ఒకసారి చూడండి. కాళ్లను కలిపే అడ్డ కర్రలు ఎక్కడున్నాయి, మడత కాళ్లయితే మడిచినప్పుడు ఎక్కడికి వస్తాయి, కింద ఎంత లోతు ఖాళీ ఉంది. బల్ల ఎత్తు 76 సెం.మీ. అనుకుంటే మెషీన్, కింద నుంచి దాన్ని మోసే తొట్టె కలిపి ఎంత కిందికి దిగుతాయో కొలిచి, అక్కడ కూర్చునే మనిషి తొడలకు తగలకుండా చూసుకోవాలి. కాసినోలో పంచడానికి వేరే మనిషి ఉంటాడు. ఇంట్లో పంచే వంతు తిరుగుతుంది, మెషీన్ మాత్రం కదలదు. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే పేకలు మార్చే బాధ్యత తీసుకోవాలి. ఇంటి యజమాని ఎప్పుడూ కూర్చునే చోటైతే గొడవ ఉండదు. ఆ మనిషి కుడిచేతి వాటమైతే మెషీన్ కొంచెం కుడికి, అంచు మెత్త నుంచి ముంజేయి ఆనేంత లోపలికి ఉండాలి. బల్ల మధ్యలో ఐదు ముక్కలు పరిచే చోటికి మూత అడ్డు రాకూడదు. మెషీన్ అడుగు కొలతకు అట్టముక్క కోసి బల్ల మీద టేపుతో అంటించి, ఒక సాయంత్రం ఆట ఆడి చూడండి. చెయ్యి ఎక్కడ తగులుతుందో అప్పుడే తెలిసిపోతుంది.

తొట్టె

ఈ పనంతటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. కొన్ని మెషీన్లకు పైన చుట్టూ సన్నటి అంచు పట్టీ ఉంటుంది. కార్పెంటర్ దాన్ని చూసి "ఏం గాదు సార్, దీని మీదనే ఆనిపిద్దాం, గట్టిగనే ఉంటది" అంటాడు. ఒప్పుకోకండి. ఆ పట్టీని సందు కప్పడానికే వాడుకోండి, బరువు మాత్రం కింద నుంచి మోయించండి. మోటార్లు తిరిగినప్పుడల్లా కలిగే అదురు పట్టీ మీద పడితే కొన్నాళ్లకు ప్లైవుడ్ అంచు చితికి మెషీన్ ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిందంటే లోపల ముక్కల దొంతర కూడా ఒరుగుతుంది, అక్కడి నుంచి ఇరుక్కోవడాలు మొదలవుతాయి.

తొట్టె ఇలా చేయించండి. కన్నం రాబోయే చోటికి రెండు పక్కలా బల్ల అడుగున 40 మి.మీ. మందం టేకు పట్టీలు రెండు పెట్టాలి. వాటిని బిగించే ముందే ఒక్కో పట్టీకి రెండేసి రంధ్రాలు వేసి, పై ముఖం నుంచి 8 మి.మీ. టీ-నట్లు (చెక్కలో నిలిచిపోయే, పళ్లున్న నట్లు) దిగ్గొట్టండి. టీ-నట్టు తల పట్టీలో పూర్తిగా దిగిపోవాలి. తర్వాత పట్టీని జిగురు, స్క్రూలతో బల్లకు బిగిస్తే నట్టు బల్లకూ పట్టీకీ మధ్య చిక్కుకుని ఎన్నటికీ ఊడిరాదు. బల్ల పై ముఖానికి ఒక్క రంధ్రం కూడా పడదు. స్క్రూ పొడవు మాత్రం కొలిచి తీసుకోండి. 18 మి.మీ. బల్లలోకి 12 మి.మీ.కు మించి దిగితే గుడ్డ మీద మొటిమలా పైకి తేలుతుంది.

ఇప్పుడు కింద నుంచి, పొడవునా మర ఉన్న నాలుగు థ్రెడ్ రాడ్లు ఆ నట్లలోకి తిప్పి, లాక్ నట్టుతో బిగించండి. 18 మి.మీ. ప్లైవుడ్ పలకకు నాలుగు మూలలా రంధ్రాలు వేసి రాడ్లకు ఎక్కించి, పలకకు పైనా కిందా వాషర్, నట్టు వేయాలి. మెషీన్ ఈ పలక మీద కూర్చుంటుంది. కింది నట్లను స్పానర్‌తో పావు చుట్టు తిప్పితే ఆ మూల మిల్లీమీటరులో మూడో వంతు కదులుతుంది. బల్ల మట్టానికి తేవడం ఇంత సున్నితంగా మరే పద్ధతిలోనూ కుదరదు. రిపేరు వచ్చిందా, నట్లు వదులు చేసి పలకతో సహా మెషీన్‌ను కిందికి దించుకోవచ్చు, గుడ్డ ముట్టుకోనక్కర్లేదు.

పలక మీద మెషీన్ కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేయండి. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదకొండుకు కింది ఫ్లాటు వాళ్లు తలుపు తట్టకుండా ఉండాలంటే ఇది తప్పదు. మెషీన్‌కు గాలి రంధ్రాలున్న వైపు పలకను కోసి వదిలేయండి, చుట్టూ డబ్బాలా మూయించకండి. ఏప్రిల్, మే నెలల్లో మన గదులే కాలిపోతుంటాయి, అందులో మూసిన పెట్టెలో మోటారంటే బెల్టులు ఎక్కువ కాలం ఉండవు. రాడ్లు, టీ-నట్లు, రబ్బరు ముక్కలు అన్నీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక్క తిరుగుడులో దొరుకుతాయి.

కోత

అంచు మెత్తను విప్పి, గుడ్డ, ఫోమ్ వెనక్కి మడిచి, చెక్క బయటపడ్డాకే కోత. గుడ్డ మీద నుంచి రంపం పెడితే పోగులు లాగేస్తుంది.

కన్నం కొలత ఎంతో చాలామంది తప్పు లెక్క వేస్తారు. మెషీన్ పైభాగం కొలతకు చుట్టూ 2 మి.మీ. సందు చాలు. కానీ గుడ్డను కన్నం అంచు మీదుగా కిందికి మడుస్తాం కాబట్టి దాని మందం కూడా నాలుగు వైపులా కలపాలి. మీ గుడ్డ ముక్కనే మడిచి కొలవండి. చివరికి మిగిలే సందు పోకర్ చిప్పు (పందెం బిళ్ల) మందం, అంటే సుమారు 3.3 మి.మీ. కంటే తక్కువే ఉండాలి, లేకపోతే నిలువుగా దొర్లిన చిప్పు నేరుగా కింద పడుతుంది.

6 మి.మీ. ఎండీఎఫ్ మీద ముందు నమూనా కన్నం కోసి, మెషీన్‌ను అందులోంచి దించి చూడండి. సరిపోతే ఆ నమూనానే బల్ల మీద బిగించి, చెక్క తొలిచే రౌటర్‌కు బేరింగ్ ఉన్న ట్రిమ్ బిట్ వేసి దాని వెంట తిప్పితే కన్నం అచ్చు గుద్దినట్టు వస్తుంది. రౌటర్ లేకపోతే నాలుగు మూలలా 10 మి.మీ. రంధ్రాలు వేసి జిగ్‌సా రంపంతో కోయవచ్చు. గీత మీద మాస్కింగ్ టేపు వేస్తే పైపొర లేవదు. కోసిన చెక్క ముక్కను పారేయకుండా దాచండి, దాని పని తర్వాత చెప్తాను.

ప్లైవుడ్ కోసిన అంచు తేమ పీలుస్తుంది. రెండు పూతలు వార్నిష్ వేయండి, ఆరనివ్వండి. ఇది చెప్పినంత తేలిక, చేయకపోతే అంత నష్టం.

గుడ్డ

ఫోమ్‌ను కన్నం అంచు దాకా నిటారుగా కోయండి. గుడ్డను తిరిగి పరిచి, బిగువుగా లాగి, అంచులు పిన్ను చేశాకే కన్నం మీద మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా కత్తిరించాలి. మూల దగ్గర 5 మి.మీ. ముందే ఆపండి, లాగేటప్పుడు అది దానంతటదే సాగుతుంది. నాలుగు త్రికోణాలను కిందికి మడిచి స్టేపుల్ గన్‌తో కొట్టండి. ఈ పని సోఫాలు కుట్టేవాళ్ల చేతికి ఇస్తే కార్పెంటర్ కంటే నున్నగా వస్తుంది.

మట్టం చూసే పద్ధతి తేలిక. మెషీన్ మూత మూసి, ఒక ముక్కను బల్ల మీద నుంచి మూత మీదుగా వేలితో జారించండి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ అంచు ఎక్కడా తట్టకూడదు. తడితే ఆ మూల నట్టు పావు చుట్టు. తర్వాత స్పిరిట్ లెవెల్ మూత మీదే పెట్టి రెండు దిశల్లో చూడండి.

కరెంటు

మెషీన్ వెనుక లేబుల్ చదవకుండా ప్లగ్గు పెట్టకండి. ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 115 లేదా 120 అని మాత్రమే ఉంటే అది అమెరికా కరెంటుకు చేసింది. మన 230 వోల్టులు ఇచ్చిన క్షణంలో కాలిపోతుంది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. లేబుల్ మీద 120 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉందనుకోండి, రెండూ గుణిస్తే 240 వీఏ (వోల్ట్-ఆంపియర్లు). మోటార్లు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతాయి కాబట్టి 500 వీఏది తీసుకోండి. కోఠిలోని గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను తొట్టె మీద కాక విడిగా నేల మీద, గాలి ఆడే చోట పెట్టాలి.

లోహపు బాడీ ఉన్న యంత్రానికి ఎర్తింగ్ తప్పనిసరి. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో పై పిన్ను చాలాసార్లు ఉత్తదే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంతకు దగ్గరగా వస్తోందో లేదో చూపించమనండి. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ వంకతోనైనా వేయించండి.

వైరు బల్ల కాలు వెంట క్లిప్పులతో దిగాలి, తివాచీ కింద నుంచి పోకూడదు. ఈదురుగాలికి కరెంటు పోయినప్పుడు పేక లోపలే ఉండిపోయి ఆట ఆగకుండా కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్లు మాత్రం సైన్ వేవ్ రకం చూసుకోవాలి.

నిజంగా కలుస్తోందా?

బిగించి, వెలిగించి, ముక్కలు పైకి వచ్చాయంటే పనైపోయినట్టు కాదు. పేకను వరుసగా పేర్చండి: ఇస్పేటు ఆసు నుంచి రాజు దాకా, తర్వాత ఆటీను, డైమను, కళావరు. ఒకసారి మెషీన్‌లో వేసి తీయండి. మొదట 52 ముక్కలూ ఉన్నాయా, ఏదైనా బోర్లా తిరిగిందా చూడండి. తర్వాత పై నుంచి ఒక్కోటి తిప్పుతూ, పేర్చిన వరుసలో పక్కపక్కన ఉన్న జంటలు, అంటే ఇస్పేటు ఏడు వెంటనే ఇస్పేటు ఎనిమిది లాంటివి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. పూర్తిగా కలిసిన పేకలో ఇలాంటివి సగటున ఒక్కటి ఉంటుంది. సున్నా, ఒకటి, రెండు, అప్పుడప్పుడు మూడు వస్తే సరే. ప్రతిసారీ ఏడో ఎనిమిదో వస్తుంటే మెషీన్ సగమే కలుపుతోంది. చాలా సందర్భాల్లో కారణం చక్రాలు అరిగి రెండేసి ముక్కలు కలిసి జారడమే.

ఇదే పరీక్ష రెండు అరల బ్యాటరీ మెషీన్‌కు చేస్తే ఒక్కసారికి పాతిక వరకు జంటలు మిగలొచ్చు. చేత్తో రెండు కట్టలుగా విడదీసి కలిపినా అంతే. అలా కలిపే పద్ధతిలో పేక బాగా కలవాలంటే ఏడు సార్లు కలపాలని డేవ్ బేయర్, పెర్సీ డయకోనిస్ అనే గణితవేత్తలు 1992లో తేల్చారు. కాసినో మెషీన్లు కూడా ఈ విషయంలో దేవుళ్లేమీ కాదు. పది అరల్లో ముక్కలు పేర్చే ఒక కొత్త మెషీన్‌ను పరీక్షించిన డయకోనిస్ బృందం, ఒకసారి కలిపాక ముక్కలు ఒక్కోటి తిప్పుతూ పోతే సగటున తొమ్మిదిన్నర ముక్కలు ముందే సరిగ్గా ఊహించవచ్చని 2013లో వచ్చిన వ్యాసంలో చూపించింది. నిజంగా కలిసిన పేకలో ఆ లెక్క నాలుగున్నరే. అందుకే మీ మెషీన్ ఎంత ఖరీదుదైనా ఈ జంటల లెక్క అప్పుడప్పుడు వేస్తుండండి.

వాడకం

మెషీన్‌కు అతి పెద్ద శత్రువు మిర్చీబజ్జీ. చికెన్ 65 దాని తమ్ముడు. నూనె వేళ్లతో పట్టిన ముక్క చక్రాల రబ్బరుకు జిడ్డు అంటిస్తుంది, దానికి ఉస్మానియా బిస్కెట్ పొడి తోడైతే మందపాటి పేస్టు తయారవుతుంది. తిండి పక్క బల్ల మీదే అని గట్టిగా చెప్పండి. చాయ్ కప్పు మూత మీద పెట్టే మహానుభావుడు ప్రతి గుంపులో ఒకడుంటాడు, అతని కుర్చీ అవతలి కొసకు మార్చండి.

నెలకోసారి ప్లగ్గు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పోగులు రాలని గుడ్డతో చక్రాలు తుడవండి. థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి, రబ్బరు పగిలిపోతుంది. ముక్కలను గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వాలి.

ఇంత హంగు చేశాక ఎవరో ఒకరు డబ్బు పెట్టి ఆడదామంటారు. 1967లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్న మాటను ఇప్పటికీ చాలామంది వల్లిస్తారు. కానీ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017లో సవరించి, నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపును తీసేసింది. చిప్పులు పాయింట్లకే ఉంచండి. కుర్చీకింత అని వసూలు చేయడం అసలే వద్దు, అలాంటి వసూలు ఉంటే ఇంటిని జూదశాలగా చూస్తారు.

ఇక దాచమన్న చెక్క ముక్క. దానికి కూడా అదే ఫోమ్, అదే గుడ్డ చుట్టించి ఉంచుకోండి. గుడ్డ మందం మేరకు అంచులు ముందే కొంచెం రుద్దాలి. మెషీన్ రిపేరుకు వెళ్లినప్పుడు దీన్ని కన్నంలో పెట్టి, అదే తొట్టె పలక మీద నాలుగు చెక్క దిమ్మెలు ఉంచి, నట్లు బిగించి మట్టానికి తెస్తే బల్ల మామూలుగా వాడుకోవచ్చు. మెషీన్ వచ్చేదాకా పేకలు చేత్తోనే కలపాలి, ఏడు సార్లు.